సెన్సర్ చిన్నదవ్వాలి, కొలత తప్పకూడదు: ఏ పనికి ఏ చిప్ తీసుకోవాలి?

కానూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చేసే పిల్లలు గానీ, ఆటోనగర్‌లో మెషీన్ల మీద ఏదో ఒక కొలత పెట్టాలనుకునే వర్క్‌షాపు వాళ్ళు గానీ, గుంటూరు వైపు మిర్చి చేలల్లో మందు కొట్టే డ్రోన్లు తిప్పేవాళ్ళు గానీ, కదలికని కొలిచే డివైస్ మొదలుపెట్టగానే ముందు అడిగేది ఒకటే: "ఇంతకన్నా చిన్న చిప్ ఉందా?" ఉంది. చాలానే ఉన్నాయి. కానీ ఆ ప్రశ్నతో మొదలుపెడితే తప్పుడు చిప్ దగ్గర తేలతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ డివైస్ పెద్దగా ఉండటానికి కారణం చాలాసార్లు సెన్సర్ చిప్ కాదు, దాని చుట్టూ ఉన్న సామాను. ముందు ఆ సామాను తగ్గించండి, సెన్సర్‌ని అన్నిటికన్నా ఆఖర్న తగ్గించండి.

లెక్క చూడండి. యాక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచేది), గైరోస్కోప్ లేదా గైరో (తిరిగే వేగాన్ని కొలిచేది) రెండూ ఉండే, మనందరికీ అలవాటైన ఎంపీయూ-6050 చిప్ 4 మిల్లీమీటర్ల పొడవు, 4 వెడల్పు. దాన్ని మోసే నీలం బోర్డు జీవై-521 దాదాపు 21కి 16. పదహారు చదరపు మిల్లీమీటర్ల చిప్ కోసం మూడొందలకు పైన బోర్డు మోస్తున్నామన్నమాట. దాని బదులు బాష్ వాళ్ళ బీఎంఐ270 పెడితే 3కి 2.5, అంటే ఏడున్నర. మిగిలింది ఎనిమిదిన్నర చదరపు మిల్లీమీటర్లు. పక్కనే సీఆర్2032 బటన్ సెల్ ఉంటే దాని వ్యాసమే 20 మిల్లీమీటర్లు, అది తినే చోటు దాదాపు 314. మీరు కష్టపడి మిగిల్చిన ఎనిమిదిన్నర దాని ముందు ఎక్కడా కనిపించదు. రెడీమేడ్ మాడ్యూల్ వదిలేసి సొంత పీసీబీ (సర్క్యూట్ బోర్డు) గీసుకుంటే మాత్రం ఒక్క దెబ్బకి రెండొందలు పైగా తగ్గుతుంది, చిప్ మార్చకుండానే.

చిప్ మార్చడం వల్ల నిజంగా సైజు తగ్గేది కరెంటు దగ్గర. ఎంపీయూ-6050 గైరోతో కలిపి నడిస్తే 3.8 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. సుమారు 220 మిల్లీ ఆంపియర్-అవర్ల బటన్ సెల్ మీద అది రెండున్నర రోజులు కూడా నిలవదు, నిజానికి అంత కరెంటు లాగితే ఆ సెల్ తన పూర్తి సామర్థ్యం కూడా ఇవ్వదు. బీఎంఐ270 అయితే 0.685 మిల్లీ ఆంపియర్లు, అదే సెల్ పదమూడు రోజులు. గైరో అక్కర్లేని పనైతే ఏడీఎక్స్‌ఎల్362 ఉంది, సెకనుకి వంద రీడింగులు ఇస్తూ 2 మైక్రో ఆంపియర్లే తీసుకుంటుంది. దాంతో ఇక బ్యాటరీ సైజు గురించి సెన్సర్ వైపు నుంచి టెన్షన్ ఉండదు, మిగతా సర్క్యూట్ ఎంత తాగుతుందో చూసుకోవాలి. కాబట్టి డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే చిప్ వివరాల పత్రం) పొడవు, వెడల్పుల కన్నా ముందు కరెంటు గడి చూడండి.

(ఇంకో మాట. షాపులో "మోషన్ సెన్సర్" అని మాత్రమే అడిగితే, తెల్లటి గుండ్రని టోపీ ఉన్న పీఐఆర్ మాడ్యూల్ చేతిలో పెడతారు. అది గదిలో మనిషి కదిలాడా లేదా అని ఒంటి వేడిని బట్టి చెబుతుంది, కొలవదు. ఇక్కడ నేను మాట్లాడేది యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ గురించి.)

చిన్నదైతే లోపల ఏం పోతుంది

యాక్సిలరోమీటర్ చిప్ లోపల సన్నటి సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడే ఒక చిన్న సిలికాన్ ముద్ద ఉంటుంది. దానికి దువ్వెన పళ్ళలా ప్లేట్లు ఉంటాయి. ముద్ద కదిలితే పళ్ళ మధ్య దూరం మారుతుంది, కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ చేసే సామర్థ్యం) మారుతుంది, ఆ మార్పుని కొలిచి త్వరణం ఎంతో చెబుతుంది. ఈ ముద్దని చుట్టూ ఉన్న గాలి అణువులు ఎప్పుడూ కొడుతూనే ఉంటాయి. కృష్ణలో పెద్ద పడవని కదపలేని అల చిన్న తెప్పని ఊపేసినట్టే, ముద్ద బరువు తగ్గేకొద్దీ ఆ దెబ్బలు రీడింగులో ఎక్కువగా కనిపిస్తాయి. దాన్నే థర్మల్ నాయిస్ అంటారు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పుట్టకుండా ఆపలేదు.

ఎంత పెరుగుతుందో కాగితం మీదే తేల్చుకోవచ్చు. ముద్దని మూడు వైపులా సగానికి తగ్గిస్తే బరువు ఎనిమిదో వంతు అవుతుంది. స్ప్రింగులు కూడా అదే నిష్పత్తిలో తగ్గితే సహజ పౌనఃపున్యం (ముద్ద తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో) రెట్టింపవుతుంది. నాయిస్ ఈ పౌనఃపున్యాన్ని బరువుతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి రెండుని ఎనిమిదో వంతుతో భాగిస్తే పదహారు, దాని వర్గమూలం నాలుగు. సైజు సగమైతే నాయిస్ నాలుగింతలు. పైగా అదే త్వరణానికి ముద్ద జరిగే దూరం నాలుగో వంతుకి పడిపోతుంది, కొలవాల్సిన సిగ్నలే చిన్నదైపోతుంది.

అయినా కొత్త చిప్‌లు పాతవాటికన్నా చిన్నగా ఉండి కూడా బాగా కొలుస్తున్నాయి, ఎలా? తయారీదారులు మొత్తం ప్యాకేజీని తగ్గించారు గానీ ముద్దని అదే నిష్పత్తిలో తగ్గనివ్వలేదు. సిలికాన్‌ని నిలువుగా లోతుగా చెక్కే డీప్ ఎచింగ్ పద్ధతి (బాష్ ప్రాసెస్ అని దానికి పేరే పడిపోయింది) వచ్చాక తక్కువ చోటులోనే ముద్దని మందంగా చెయ్యగలిగారు, పళ్ళ మధ్య సందుని ఇరుకు చెయ్యగలిగారు. లెక్కలు చేసే సర్క్యూట్ చిప్‌ని మెకానికల్ చిప్ పక్కన కాకుండా పైనో కిందో పేర్చారు. గైరోలో అయితే ముద్ద ఉన్న గదిని దాదాపు శూన్యం చేసి సీల్ చేశారు, కొట్టడానికి గాలే తక్కువైంది. అందుకే ఎంపీయూ-6050లో యాక్సిలరోమీటర్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 400 మైక్రో జీ (జీ అంటే గురుత్వ త్వరణం, మైక్రో జీ అందులో పది లక్షలో వంతు; రూట్ హెర్ట్జ్ అంటే బ్యాండ్‌విడ్త్, అంటే కొలిచే పౌనఃపున్యాల వెడల్పు, దాని వర్గమూలం) ఉంటే, దాని వైశాల్యంలో సగం కూడా లేని ఎల్ఎస్ఎం6డీఎస్ఓలోనూ ఐసీఎం-42688-పీలోనూ 70 దగ్గరే ఉంది. సైజు చూసి నాణ్యత అంచనా వెయ్యొద్దని చెప్పేది ఇందుకే, ఏ తరం చిప్ అన్నది చూడాలి.

మరి పెద్దవాటికి పని లేదా? ఉంది. ఏడీఎక్స్‌ఎల్355 తీసుకోండి, 6కి 6, ఎత్తు 2.1 మిల్లీమీటర్లు, సిరామిక్ ప్యాకేజీ, నాయిస్ సుమారు 25 మైక్రో జీ. ఘనపరిమాణంలో ఎల్ఎస్ఎం6డీఎస్ఓకి పన్నెండు రెట్లు, నాయిస్‌లో మాత్రం మూడు రెట్లు మేలు. ఇంతే తేడా అయితే అంత డబ్బు పెట్టక్కర్లేదు. అసలు విలువ ఇంకో గడిలో ఉంది, అక్కడికే వస్తున్నా.

వాలు కొలవాలంటే డ్రిఫ్ట్ చూడండి

గోడ, హోర్డింగు స్తంభం, గేటు, ట్యాంకు, ఏదైనా మెల్లగా ఒరుగుతోందా అని చూడాలనుకోండి. ఒక డిగ్రీ వాలు అంటే దాదాపు 17.5 మిల్లీ జీ. ఇక్కడ వేగం అక్కర్లేదు, ఒక హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ చాలు. అంత తక్కువలో ఎంపీయూ-6050 నాయిస్ కూడా అర మిల్లీ జీయే, డిగ్రీలో 0.03. చాలా బాగుంది కదా అనిపిస్తుంది. కానీ అదే చిప్‌కి సున్నా దగ్గర తప్పు ఎక్స్, వై అక్షాల్లో ప్లస్ ఆర్ మైనస్ 50 మిల్లీ జీ, జెడ్‌లో 80. యాభై అంటే దాదాపు మూడు డిగ్రీలు. దీన్ని ఒకసారి కాలిబ్రేట్ చేసి (తప్పెంతో ముందే కొలిచి సరిచేసి) తీసెయ్యొచ్చు. తీసెయ్యలేనిది వేడితో మారేది, దాన్నే డ్రిఫ్ట్ అంటారు, సున్నా నుంచి 70 డిగ్రీల మధ్య ఇంకో 35 మిల్లీ జీ అటూ ఇటూ జరగొచ్చని డేటాషీటే చెబుతోంది.

బెజవాడ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. ఏసీ ల్యాబ్‌లో 25 డిగ్రీల దగ్గర కాలిబ్రేట్ చేసిన డబ్బా, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు మీద 65కి చేరుతుంది. నలభై డిగ్రీల తేడా. డిగ్రీ వేడికి ఒక మిల్లీ జీ జారే చిప్ అయితే 40 మిల్లీ జీ, అంటే గోడ కదలకపోయినా రెండు డిగ్రీలకు పైగా ఒరిగిందని చూపిస్తుంది. ఏడీఎక్స్‌ఎల్355కి గరిష్ఠ హామీ డిగ్రీకి 0.15 మిల్లీ జీ, అదే నలభై డిగ్రీలకి 6 మిల్లీ జీ, డిగ్రీలో మూడో వంతు. అంత డబ్బు పెట్టేది దీనికోసం.

డేటాషీట్ చదివేటప్పుడు టిపికల్ (మామూలుగా ఉండే విలువ), మ్యాగ్జిమమ్ (దాటదని హామీ ఇచ్చే విలువ) అని రెండు గడులుంటాయి. ఫోన్ల కోసం చేసిన చాలా చిప్‌లకి డ్రిఫ్ట్ వరసలో టిపికల్ ఒక్కటే నింపి, మ్యాగ్జిమమ్ ఖాళీగా వదిలేస్తారు. టిపికల్ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చవక చిప్‌కీ ఖరీదు చిప్‌కీ తేడా చిన్నగా కనిపిస్తుంది. మీ చేతికొచ్చిన ఆ ఒక్క ముక్క ఎలా ఉంటుందో ఖాళీ గడి చెప్పదు. కాబట్టి వాలు కొలిచే పనికి నా సలహా: నెలల తరబడి నమ్మాల్సిన కొలతైతే ఏడీఎక్స్‌ఎల్355 తరగతికే వెళ్ళండి, పెద్దదైనా సరే. కాలేజీ డెమో అయితే చిన్న చిప్ తీసుకుని, నాలుగు వేడిమిల దగ్గర రీడింగులు రాసుకుని, చిప్‌లోనే ఉండే థర్మామీటర్‌తో సవరించుకోండి, చాలావరకు దారికొస్తుంది.

నాలుగు చిన్న చిప్‌లు పక్కపక్కన పెట్టి సగటు తీస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మంచి ఆలోచనే, బీఎంఐ270లు నాలుగు పెట్టినా 30 చదరపు మిల్లీమీటర్లే, ఏడీఎక్స్‌ఎల్355 ఒక్కటే 36. నాయిస్ సగమవుతుంది, 160 మైక్రో జీ కాస్తా 80కి దిగుతుంది. కానీ ఒకే బ్యాచ్‌లో వచ్చిన చిప్‌లు వేడికి ఒకే దిక్కుకి జారే అవకాశం ఎక్కువ, సగటు తీసినా ఆ జారుడు అలాగే మిగులుతుంది. నాయిస్ మీ సమస్య అయితే ఇది పనిచేస్తుంది, డ్రిఫ్ట్ సమస్య అయితే దీన్ని నమ్ముకోవద్దు.

మెషీన్ అదురు కొలవాలంటే లెక్క తిరగబడుతుంది

ఆటోనగర్ లేత్ గానీ, గుంటూరు స్పిన్నింగ్ మిల్లు మోటారు గానీ, మిర్చి కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ గానీ, ఇక్కడ సున్నా ఎక్కడుందో ఎవరికీ పట్టదు. ఎండకి 30 మిల్లీ జీ జారినా నష్టం లేదు, మనకి కావాల్సింది అదురు ఒక్కటే. 1440 ఆర్‌పీఎం మోటారు అంటే సెకనుకి 24 తిప్పులు. దాని మీద సెకనుకి ఒక మిల్లీమీటరు అదురు వేగం ఉంటే త్వరణం దాదాపు 15 మిల్లీ జీ. ఇంత సిగ్నల్‌ని పాత చిప్ కూడా పట్టుకుంటుంది, బ్యాలెన్స్ తప్పింది, బోల్టు వదులైంది లాంటివి చెప్పగలదు.

బేరింగు పాడవడం మొదట్లోనే తెలియాలంటే మాత్రం ఇది పనికిరాదు. ఆ తొలి గుర్తులు వేల హెర్ట్జ్‌లో ఉంటాయి, ఎంపీయూ-6050 యాక్సిలరోమీటర్ 260 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఈ పనికి నా మొదటి ఎంపిక ఎస్టీ మైక్రోఎలక్ట్రానిక్స్ వాళ్ళ ఐఐఎస్3డీడబ్ల్యూబీ. 3కి 2.5 మిల్లీమీటర్లే, 6 కిలోహెర్ట్జ్ దాకా చూస్తుంది, డిజిటల్ అవుట్‌పుట్, 105 డిగ్రీల వేడి దాకా పనిచేస్తుంది. ఇంకా పైకి వెళ్ళాలంటే ఏడీఎక్స్‌ఎల్1002 ఉంది, 11 కిలోహెర్ట్జ్, నాయిస్ 25 మైక్రో జీ, కానీ ఒక్క అక్షమే, అనలాగ్ అవుట్‌పుట్. దానికి మంచి ఏడీసీ (అనలాగ్‌ని డిజిటల్ అంకెలుగా మార్చేది), దాని ముందు యాంటీ ఏలియాసింగ్ ఫిల్టరు (కొలవలేనంత ఎక్కువ పౌనఃపున్యాలని ఆపేది) మీరే పెట్టుకోవాలి, చిప్ చిన్నదైనా దాని చుట్టూ సర్క్యూట్ పెరుగుతుంది. అనలాగ్ డిజైన్ మీద పట్టు లేకపోతే అటు పోవద్దు.

చిన్నదనం వల్ల కొలత మెరుగుపడే చోటు ఇదే. బరువైన డబ్బాని చిన్న మోటారు మీద పెడితే ఆ బరువే అదురుని మార్చేస్తుంది, తేలికైనది మార్చదు. ఇంత మంచి చిప్ కొని, త్రీడీ ప్రింట్ చేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబుల్ టేపుతో మోటారుకి అంటిస్తే మాత్రం పై పౌనఃపున్యాలన్నీ ఆ టేపులోనే ఆగిపోతాయి. మెషీన్ బాడీకి స్టడ్ బిగించి దాని మీద మెటల్ పలక, పలక మీద బోర్డు గట్టిగా కూర్చోవాలి. డబ్బు చిప్ మీద కొంచెం తగ్గించైనా సరే, బిగింపు మీద పెట్టండి.

డ్రోన్లు, గేదెల కాలర్లు, ఇంకా

డ్రోన్‌కి గైరో ముఖ్యం. ఐసీఎం-42688-పీలో గైరో నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి సెకనుకి 0.0028 డిగ్రీలు, ఎంపీయూ-6050లో 0.005. కొత్తదే తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. ఆలోచించాల్సింది మోటార్ల అదురు గురించి. ఫోము మీద పెట్టి అదురు ఆపుదామనుకుంటే, బోర్డు తేలికయ్యేకొద్దీ ఫోము పని చెయ్యడం మానేస్తుంది, ఎందుకంటే బరువు తక్కువైతే ఫోము, బోర్డు కలిసి ఊగే పౌనఃపున్యం పైకి పోయి మోటారు అదురు దగ్గరికే చేరుతుంది. అందుకే కొన్ని ఫ్లైట్ కంట్రోలర్లలో సెన్సర్ బోర్డుకి కావాలనే బరువు కలుపుతారు, వేడి మారకుండా చిన్న హీటరు కూడా పెడతారు, రెండు మూడు సెన్సర్లు వాడతారు. మిర్చి చేనికి ట్యాంకు నిండా మందు మోసే డ్రోన్ అయితే గ్రాము గ్రాముకి కక్కుర్తి పడి ఇక్కడ తగ్గించడం అనవసరం, సెన్సర్ తప్పితే యంత్రం మొత్తం చేలో పడుతుంది.

గేదె మెడలో కాలర్, చేతి బ్యాండు, అడుగులు లెక్కపెట్టే పనులు: ఇక్కడే నిజంగా అన్నిటికన్నా చిన్న చిప్ తీసుకోవచ్చు. 2023లో బాష్ ప్రకటించిన బీఎంఏ530 1.2కి 0.8 మిల్లీమీటర్లు, ఎత్తు 0.55. మీకు కావాల్సింది కదిలిందా, ఎన్నిసార్లు కదిలింది అన్న లెక్క, మిల్లీ జీ తేడాలు దాన్ని మార్చవు. కాలర్‌కైతే నేను ఏడీఎక్స్‌ఎల్362 వైపే మొగ్గుతాను, నాయిస్ ఎక్కువైనా బ్యాటరీ మార్చే బాధ తప్పుతుంది, గేదెని పట్టుకుని కాలర్ విప్పడం రైతుకి ఎంత పనో ఆలోచించండి.

త్వరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి ఎంత దూరం వెళ్ళిందో కనుక్కుంటాం అనేవాళ్ళకి మాత్రం ఏ చిప్పూ చెప్పను. ఒక్క మిల్లీ జీ తప్పుంటే పది సెకన్లకి అర మీటరు, నిమిషానికి పదిహేడు మీటర్లకు పైనే తప్పుతుంది. చక్రానికి ఎన్‌కోడర్ (తిప్పులు లెక్కపెట్టేది) పెట్టండి, లేదా జీపీఎస్ కలపండి.

బోర్డు చిన్నది చేసేటప్పుడు

చిప్ సరైనదే ఎంచుకున్నా, బోర్డు కుదించినప్పుడు కొలత చెడేది ఎక్కువగా ఇరుగుపొరుగు వల్ల. స్క్రూ బిగిస్తే బోర్డు వంగుతుంది, ఆ వంపు ప్యాకేజీ గుండా లోపలి ముద్ద దాకా వెళ్ళి ఆఫ్‌సెట్ (సున్నా దగ్గర తప్పు) మారుస్తుంది. చిన్న బోర్డులో స్క్రూ, కనెక్టరు, నొక్కే బటన్, వేడెక్కే రెగ్యులేటరు అన్నీ సెన్సర్ పక్కకే వచ్చేస్తాయి. మిగతావి ఎక్కడ పెట్టాలో తేల్చకముందే సెన్సర్‌కి చోటు కేటాయించండి, స్క్రూలకీ వేడికీ దూరంగా. మరీ పల్చటి బోర్డు వద్దు. ఎంపీయూ-6050 లాంటివాటికి కింద మధ్యలో ఉండే ప్యాడ్‌ని సోల్డర్ చెయ్యొద్దని తయారీదారే చెబుతాడు, చాలామంది చదవరు. బోర్డుని అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో కడగొద్దు, లోపలి సన్నని భాగాలు దెబ్బతింటాయి. కాళ్ళు లేని ఈ చిప్‌లని హాట్ ఎయిర్‌తో రెండు మూడుసార్లు తీసి పెడితే ఆఫ్‌సెట్ ఎటు పోతుందో చెప్పలేం, అసెంబ్లీ చేసేవాళ్ళకి ఇచ్చి ఒకేసారి సరిగ్గా అతికించుకోండి.

కాలిబ్రేషన్ ఎప్పుడూ డబ్బా మూత బిగించాకే. ఆరు వైపులా తిప్పి రీడింగులు తీసుకోండి. మెరుగైన చిప్ వాడుతుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి, పుస్తకాల్లో ఉండే 9.80665 మన దగ్గరి గురుత్వం కాదు, విజయవాడ అక్షాంశం దగ్గర అది సుమారు 9.785. తేడా 2 మిల్లీ జీ. ఎంపీయూ-6050కి దీని గురించి పట్టించుకోనక్కర్లేదు, ఏడీఎక్స్‌ఎల్355కి మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

కొనేటప్పుడు: ఎంపీయూ-6050 ఇప్పుడు కొత్త డిజైన్లకి తయారీదారే సిఫారసు చెయ్యని పాత చిప్, మార్కెట్‌లో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. హూ-యామ్-ఐ రిజిస్టర్ (చిప్ తన గుర్తింపు అంకె చెప్పే చోటు) చదవండి, హెక్సాడెసిమల్‌లో 68 రావాలి. ఎంపీయూ-9250 అని అమ్మే మాడ్యూళ్ళలో 71 రావాల్సింది 70 వస్తే అది మాగ్నెటోమీటర్ (దిక్సూచిలా అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) లేని ఎంపీయూ-6500. ఏ చిప్ తీసుకున్నా కనీసం మూడు తెప్పించి, పక్కపక్కన నేల మీద కదలకుండా పెట్టి, ఒక రాత్రంతా రీడింగులు రికార్డు చెయ్యండి, రైలు పట్టాల దగ్గర ఇల్లైతే ఆ పని వేరే చోట చెయ్యండి. తెల్లారి మూడు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, డేటాషీట్‌లోని ప్లస్ ఆర్ మైనస్ మీ చేతిలో ఉన్న చిప్‌ల్లో ఎంతో తెలుస్తుంది, పీసీబీ ఆర్డర్ ఆ తర్వాత పెట్టండి.